కదలని కాలు

లాబులో పరికరాలని వంచి చూసే యంత్రంలో మూడో తొట్టి మోటారు కాలిపోయిన రోజునే వదిన వరహాలు కాలు విరిగింది. హైమవతికి రెండు ఫోన్లూ ఒకేసారి వచ్చాయి. ఒక చెవిలో సర్వీసు కంపెనీ మనిషి, "మోటారు పుణె నుంచి రావాలి మేడమ్, టైం పడుతుంది," అంటున్నాడు. రెండో చెవిలో అన్నయ్య సన్నిబాబు ఏడుపు గొంతుతో, "మీ వదిన పడిపోనాదే. మెట్ల మీంచి. కాలు అటు తిరిగిపోనాది," అంటున్నాడు.

"ఎలా పడింది?"

"గేస్ బండ కిందకి దింపుతోంది."

"ఒక్కత్తీనా? నువ్వేం చేస్తున్నావు? నీ కొడుకులేం చేస్తున్నారు?"

"ఇంట్లోనే ఉన్నాం," అన్నాడు సన్నిబాబు, అదే జవాబన్నట్టు.

హైమవతి పరవాడ దగ్గర ఒక వైద్య పరికరాల కంపెనీలో పరిశోధన విభాగానికి పెద్ద. పెద్ద అన్న మాటే గానీ, రోజులో సగం రాని మోటార్ల కోసం, అందని రసాయనాల కోసం అరవడంతోనే సరిపోయేది. ఆ రోజు అరవాల్సినవాళ్ళని అలాగే వదిలేసి గాజువాక వెళ్ళేసరికి, వరహాలు ఆసుపత్రి మంచం మీద పెదవి కొరుక్కుంటూ పడుకుని ఉంది. మోకాలి కింది ఎముక రెండు ముక్కలైంది. డాక్టర్ పద్మనాభం ఎక్స్‌రే చూపించి, "స్టీలు ప్లేటు వెయ్యమంటారా, మీ ప్లేటు వెయ్యమంటారా?" అని అడిగాడు. హైమవతి తయారుచేసిన ప్లేటుని మనుషుల్లో పరీక్షిస్తున్న డాక్టర్లలో ఆయనొకడు.

"మాదే వేయండి," అని హైమవతి వదిన వైపు తిరిగింది. "దీనికి ఊతం అని పేరు పెట్టాం వదినా. స్టీలుదైతే ఎప్పటికో మళ్ళీ కోసి తీయాలి. ఇది తీయక్కర్లేదు. పనయ్యాక కాల్లోనే కరిగిపోతుంది."

"కరిగిపోద్దా?" అంది పక్కనే నిలబడ్డ తల్లి మాణిక్యమ్మ. "పటికబెల్లం ముక్కేటే అది? మధ్యలో కరిగిపోతే?"

"కరగదమ్మా. లోపల మెగ్నీషియం, పైన పాలిమర్ పొర. ఒంట్లో తడికి ఆ పొరలో అణువుల గొలుసులు తెగుతూనే ఉంటాయి. కానీ మనిషి కాలు మోపినప్పుడల్లా ప్లేటు వెంట్రుకవాసి వంగుతుంది. ఆ వంపుకి తెగిన గొలుసులు మళ్ళీ అతుక్కుంటాయి. ఎముక అతికాక బరువంతా ఎముకే మోస్తుంది. ప్లేటు వంగదు. అప్పుడు ఆ పొర, నా పని అయిపోయింది అనుకుని కరిగిపోతుంది. దాని వెనకే ప్లేటూ."

"అనుకోడానికి దానికి బుర్రుందేటి?"

"ఉన్నట్టే అనుకో."

వరహాలు కళ్ళు తెరవకుండానే, "నువ్వు చేసిందేగా హైమా, వేసీమను," అంది.

అలా ఊతం వరహాలు కాల్లోకి వెళ్ళింది.

కొన్ని వారాల తరవాత ఒక ఆదివారం హైమవతి అన్నయ్య ఇంటికి వెళ్ళింది. గుమ్మంలోనే మాడిన పప్పు వాసన. సన్నిబాబు పోర్టులో క్రేను నడుపుతాడు. ఓడల మీంచి కంటైనర్లు దింపే మనిషి పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. "ఉప్పు ముందెయ్యాలా, తరవాతా?" అని అక్కడి నుంచే కేక వేశాడు. "దించీసేక," అని లోపలి గదిలోంచి వరహాలు జవాబు.

ఆమె గొంతులో అంత తీరిక హైమవతి ఎప్పుడూ వినలేదు. లోపలికి వెళ్ళి చూస్తే వదిన వీపు వెనక దిళ్ళు, పక్కన ఒలిచిన బత్తాయి తొనలు, మంచం వైపు తిప్పిన టీవీ. తల నున్నగా దువ్వి జడ వేసి ఉంది. వేసింది అత్తగారే. మాణిక్యమ్మ గ్లాసుతో జావ పట్టుకుని నిలబడి ఉంది. ఆసుపత్రి వాళ్ళిచ్చిన వాకర్ కిటికీ దగ్గరుంది. దాని మీద తువ్వాళ్ళు ఆరుతున్నాయి.

"ఏంటిది? కాలు మోపుతున్నావా లేదా వదినా?"

"మోపడమేటే?" మాణిక్యమ్మ అడ్డం వచ్చింది. "విరిగిన కాలు కింద పెట్టమంటావా? బాత్రూముకి కూడా మనవలు, గుంటలిద్దరూ ఎత్తుకునే తీసుకెల్తన్నారు. కోడలు మళ్ళీ మామూలు మనిషయ్యేదాకా మంచం దిగనివ్వను."

"నడవమని కాగితంలో రాసి ఇచ్చాం కదమ్మా!"

వరహాలు పెద్ద కొడుకు దిలీప్ గోడకి ఆనుకుని ఫోను చూసుకుంటున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు. "నడవమని లేదత్తా. ‘నడవవచ్చు’ అని ఉంది. వచ్చు అంటే ఇష్టముంటేనే కదా?"

ఆ కాగితం రాసింది హైమవతే. ఆమె వాకర్ మీది తువ్వాళ్ళు తీసి కుర్చీలో పడేసింది. "రోజూ కాస్త కాస్త నిలబెట్టండి," అని అందరికీ కలిపి చెప్పింది. అందరూ కలిసి తలూపారు. ఆమె చెప్పులు వేసుకునేలోపే తువ్వాళ్ళు మళ్ళీ వాకర్ మీదికి వెళ్ళాయి.

గుమ్మం దాటుతుంటే వెనక నుంచి, "బాగుంది హైమా ఇలా," అంది వరహాలు. పప్పు గురించేమో అనుకుని హైమవతి విసుక్కుంది.

*

పుణె మోటారు ఎట్టకేలకు వచ్చింది. దాన్ని బిగించడానికి ముందు మూడో తొట్టి ఖాళీ చేయాలి. వంచే యంత్రంలో నాలుగు తొట్లు. ఒక్కొక్కదానిలో ఒంటి వేడికి కాచిన ఉప్పునీరు, ఆ నీటిలో ఊతం ప్లేట్లు. మోటార్లు వాటిని రాత్రింబగళ్ళు నడిచే మనిషి కాల్లో వంగినట్టే వంచుతూ ఉంటాయి. మూడో దానిలో మోటారు ఆగింది గానీ వేడి ఆగలేదు. ప్లేట్లు ఆ గోరువెచ్చని నీటిలో ఇన్నాళ్ళూ కదలకుండా పడి ఉన్నాయి. మోటారు గొడవలో పడి వాటి సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

తస్లీమా మూత తీసింది. ఆమె హైమవతి దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. "మేడమ్," అని పిలిచింది.

తొట్టి నిండా సన్నని బుడగలు. తస్లీమా పట్టకారుతో ఒక ప్లేటుని పైకి ఎత్తింది. పైన పొర ఇంకా మెరుస్తూనే ఉంది. ఎత్తిన క్షణంలోనే పొర ఒక సంచిలా వేలాడి చిరిగి, దాని లోపలి నుంచి పుల్లటి వాసన వేసే నీరు కారింది. మిగిలిన మెగ్నీషియం టీలో ముంచిన బిస్కెట్టులా పట్టకారు మధ్య రెండుగా విరిగి కింద పడింది.

పక్క తొట్టిలో ప్లేట్లు కొత్త నాణేల్లా ఉన్నాయి. రెండింటిలోనూ అదే నీరు, అదే వేడి, అదే పొర. తేడా కదలిక ఒక్కటే.

"ఇది వేస్టు బ్యాచి కదా మేడమ్? మోటారు పాడైనందుకు..." అంది తస్లీమా.

"కాదు." హైమవతి స్టూలు మీద కూర్చుంది. కదలకపోతే పొర కరుగుతుందని ఆమెకు తెలియనిదా? ఆమే అలా చేసింది. ఎముక అతికాకే ప్లేటు కదలిక ఆగుతుందని ఆమె అనుకుంది. మనుషులకన్నా ముందు పరీక్షించిన గొర్రెల్లో అలాగే జరిగింది. కాలు విరిగినా గొర్రె పడుకోదు. మేతకి లేచి నిలబడాల్సిందే. దాని పక్కన జావ గ్లాసుతో ఎవరూ నిలబడరు.

అతికిన ఎముకకీ పడుకున్న మనిషికీ తేడా ఆ పొరకి తెలియదు.

ఆమె డైరెక్టరు భార్గవ గదికి దాదాపు పరుగెత్తింది. ఆయన నింపాదిగా విన్నాడు. ఆయన ఏదైనా నింపాదిగానే వింటాడు. హైమవతికి ఒళ్ళు మండేది అందుకే.

"హైమా గారూ, పాడైన యంత్రంలో వచ్చిన ఫలితాన్ని పట్టుకుని మీరు ఆవేశపడుతున్నారు."

"యంత్రం పాడైంది కాబట్టే తెలిసింది సార్."

"రోగులు నడుస్తారు కదండీ. డాక్టర్లు చెబుతారు కదా."

"డాక్టర్లు చెబుతారు. ఇంట్లోవాళ్ళు వినరు. మా ఇంట్లోనే వినలేదు. వెంటనే అందరికీ ఫోన్లు చేయాలి, ఎక్స్‌రేలు తీయించాలి."

"చేద్దాం. ముందు మోటారు బిగించి ప్రయోగం పద్ధతిగా మళ్ళీ చేయండి. కమిటీలో పెడదాం. ఇప్పుడు ఫోన్లు చేస్తే జనం భయపడతారు."

"పద్ధతిగా చేసేలోపు జనం కాళ్ళలో ప్లేట్లుండవు సార్!"

"చూశారా, మళ్ళీ ఆవేశం," అన్నాడు భార్గవ.

*

కమిటీ కూర్చోకముందే రాజాం నుంచి కబురు వచ్చింది. త్రినాథ అని ఒక లారీ డ్రైవరు, తొడ ఎముకకి ఊతం వేయించుకున్నవాడు. ఇంక బాగానే ఉందనుకుని మంచం దిగి నిలబడ్డాడు. అడుగైనా వేయకుండానే కూలిపోయాడు. ప్లేటు విరిగింది, దాని ముక్క కండలోకి గుచ్చుకుంది.

హైమవతి ఎవరినీ అడగకుండా కారెక్కి వెళ్ళింది. రెండో ఆపరేషను అప్పటికే అయిపోయింది. త్రినాథ నిద్రలో ఉన్నాడు. అతని భార్య పైడితల్లి బయట బల్ల మీద కూర్చుని ఉంది. హైమవతి తనెవరో చెప్పింది. ప్లేటు ఎందుకు విరిగిందో చెప్పాలా వద్దా అని దారంతా ఆలోచించింది గానీ, ఆ మనిషి ముఖం చూశాక దాచడం చేతకాలేదు. మొత్తం చెప్పింది.

పైడితల్లి మూసి ఉన్న వార్డు తలుపు వైపు చూసింది. తరవాత అడిగింది.

"అంటే, నాను ఆయన్ని కదలనివ్వకుండా చూసుకున్నాను కాబట్టి విరిగిందా అమ్మా?"

"కాదు. తప్పు ప్లేటుది. దాన్ని చేసిన మాది."

"ముద్ద కూడా నోటికి అందించేనమ్మా. పక్క మీంచి కాలు దించనివ్వలేదు. అలా చూసుకోకుండా ఉంటే బాగుండేదా?"

హైమవతి కాసేపు ఆమె పక్కన కూర్చుంది. తిరిగొచ్చేటప్పుడు విజయనగరం దగ్గర కారు పక్కకి ఆపి, స్టీరింగ్ మీద చేత్తో గట్టిగా కొట్టి, ఎవరూ వినకుండా భార్గవని, పుణెని, గొర్రెల్ని, తనని కలిపి తిట్టింది.

మర్నాడు ఉదయమే తస్లీమాని పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్లు మొదలుపెట్టింది. పరీక్షలో ఉన్న డాక్టర్లందరికీ ముందు. తరవాత రోగులకి, ఎక్స్‌రే తీయించుకుని డాక్టరు సరేనంటే వెంటనే నడవమని. ఆ రోజంతా ఆమె విన్న మాటలకి ఇంకొకరైతే ఫోన్ నేలకేసి కొట్టేవారు.

"నడిపించాలా? ఇప్పుడే హాయిగా పడుకున్నారండి, లేపితే కోప్పడతారు."

"వర్జ్యం వెళ్ళాక చూస్తామండి."

"మీ ఆయన కాలు విరిగితే మీరు ఇలాగే నడిపిస్తారేటి?"

"అమ్మా, నేను నర్సీపట్నం నుంచి. తిట్టకండి. డాక్టరుగారు ఇంట్లోనే నడవమన్నారు గానీ, నేను మొదటి వారం నుంచే కర్ర పట్టుకుని పొలం వెళ్తున్నాను." ఆ మాట విన్నాక హైమవతికి ఆ పెద్దాయనకు ఫోన్లోంచే దణ్ణం పెట్టాలనిపించింది. చెప్పిన మాట వినని మనిషి కాలు నిక్షేపంగా ఉంది.

మధ్యాహ్నానికి భార్గవ తలుపు తోసుకుని వచ్చాడు. "ఎవరి అనుమతితో చేస్తున్నారు?"

"ఎవరి అనుమతీ లేదు. అనకాపల్లి నంబరు ఎంగేజ్ వస్తోంది, మీరు ప్రయత్నిస్తారా?" అని ఆమె ఫోన్ అందించింది. ఆయన దాని వైపు చూసి, తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

*

ఆ సాయంత్రం ఆమె గాజువాక వెళ్ళి, చెప్పులు కూడా విప్పకుండా వదిన గదిలోకి వెళ్ళింది.

"లే వదినా. ఇప్పుడే లే. బరువంతా వాకర్ మీద వేసి నిలబడు."

"లెగను," అంది వరహాలు.

హైమవతి జరిగింది చెప్పింది. తొట్టి గురించి, త్రినాథ గురించి, కదలకపోతే పొర ఏమవుతుందో. మాణిక్యమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. వరహాలు మాత్రం టీవీ ఆపి, దిండు సర్దుకుని, ఆడపడుచు కళ్ళలోకి చూసింది.

"పెళ్ళై ఈ ఇంటికి వచ్చిన కాణ్ణించి నన్ను ఎవరైనా కూకోమన్నారా హైమా? జొరమొస్తే వండీసి పడుకున్నాను. ఇద్దర్ని కన్నాను, పురిటి మంచం మీంచి లేచి బియ్యం కడిగేను. ఇన్నాళ్ళకి కాలు ఇరిగితే గాని నాకు మంచినీళ్ళు అందించే చెయ్యి కనపడలేదు. మీ అన్న పప్పు మాడబెట్టి తెస్తే కళ్ళమ్మట నీళ్ళొచ్చేయి నాకు. ఇప్పుడు కాలు నిలబడాలంటే లెగాలంటావు." ఆమె కాలి మీది దుప్పటి సర్దింది. "నీ ప్లేటు కూడా ఈ ఇంటోళ్ళ లాగే ఉందే. పని చేస్తుంటేనే ఉంటాదట. కాస్త పడుకుంటే, దీనికి నా అవసరం లేదనుకుని ఎల్లిపోద్దట."

సన్నిబాబు గుమ్మంలో గరిటెతో నిలబడి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చూస్తున్నాడు.

హైమవతి మంచం మీద కూర్చుంది. కోపం ఎక్కడికి పోయిందో పోయింది. "రేపు ఎక్స్‌రే తీయిద్దాం వదినా," అంది. "అది చూశాక నువ్వేమంటే అదే."

ఎక్స్‌రేలో ప్లేటు అంచులు చెదలు తిన్నట్టు ఉన్నాయి. చుట్టూ నల్లటి గాలిబుడగలు. ఎముక అప్పుడప్పుడే అతకడం మొదలుపెట్టింది గానీ గట్టిపడలేదు. పద్మనాభం హైమవతిని పక్కకి పిలిచాడు.

"ఇప్పుడు నిలబడితే విరుగుతుంది. పడుకుంటే కరుగుతుంది. మళ్ళీ కోసి స్టీలు వేద్దామంటే ఆవిడ షుగర్ చూశారుగా, గాయం మానడం కష్టం. మీ పొర గురించి నాకంటే మీకే తెలుసు. ఏం చేయమంటారు?"

ఆ మాటకి హైమవతి, మూడో తొట్టిలో విరగకుండా మిగిలిన, సగం కరిగిన ప్లేట్లని మళ్ళీ తొట్టిలో వేసింది. కొత్త మోటారుని ఎంత మెల్లగా తిప్పవచ్చో అంత మెల్లగా తిప్పింది. ప్లేటు వంగీ వంగనట్టు వంగాలి. తస్లీమా, ఆమె వంతులవారీగా కాపలా కాశారు. మొదట ఏమీ జరగలేదు. కంప్యూటర్ ఒకసారి ఆగిపోయి మొత్తం మొదటికి వచ్చింది. ఆ వారం లాబులో హైమవతి అరుపులకి ఎదురుపడినవాళ్ళంతా పక్కకి తప్పుకున్నారు. చివరికి వారాంతంలో బుడగలు తగ్గాయి. పొర మళ్ళీ నెమ్మదిగా అల్లుకుంటోంది. అడుగులే వేయక్కర్లేదు. పడుకున్న కాలికి కూడా, అరికాలి వైపు నుంచి ఎవరైనా మెల్లగా నొక్కి వదులుతూ ఉంటే చాలు. పొర దాన్నే నడక అనుకుంటుంది.

ఇంటికి వెళ్ళి అన్నయ్యని మంచం చివర కూర్చోబెట్టింది.

"వదిన మడమ నీ అరచేతిలో పెట్టుకో. రెండో చేత్తో అరికాలిని ఇలా నొక్కు. వదులు. నొక్కు. వదులు. మెల్లగా. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. నువ్వు లేనప్పుడు కొడుకులు."

సన్నిబాబు చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. "దీనికేదైనా మిషను ఉండదేటే?"

"ఉంటుంది. మోటారు పుణె నుంచి రావాలి."

"మగోడు పెళ్ళాం కాళ్ళు పట్టుకోవడమేటే?" అంది మాణిక్యమ్మ. "ఇరుగూపొరుగూ చూస్తే నవ్వరా?"

హైమవతికి ఎన్నాళ్ళుగానో ఆపుకున్నదంతా ఒక్కసారిగా వచ్చింది. "నవ్వనీయమ్మా! వదిన గేస్ బండ దొర్లించుకుంటూ దిగుతుంటే ఎవరూ నవ్వలేదేం? అప్పుడు ముగ్గురు మగాళ్ళు ఇంట్లోనే ఉన్నారు. ఆ కాలు ఉండాలా పోవాలా? మీ పరువుతో అతకదు అది. పట్టుకో అన్నయ్యా!"

సన్నిబాబు లేచి వీధి వైపు కిటికీ మూశాడు. వచ్చి కూర్చుని, భార్య పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. వరహాలు ముఖం గోడ వైపు తిప్పుకుంది. ఆమె మెడ ఎర్రబడింది. కొంతసేపటికి, "అంత గట్టిగా కాదు," అంది. "ఊఁ," అన్నాడు అతను. "ఇలాగా?" "ఊఁ."

కొన్నాళ్ళకి కిటికీ మూయడం మానేశారు. దిలీప్ ఒక చేత్తో ఫోను పట్టుకుని రెండో చేత్తో నొక్కుతుంటే, అది కుదరదని హైమవతి తిట్టి ఫోను లాక్కుంది. అందరూ పనులకి వెళ్ళిన మధ్యాహ్నాలు మాణిక్యమ్మ వంతు. మొదటిరోజు ఆమె కింద చాప మీద కూర్చుని చేయి చాస్తే వరహాలు కాలు వెనక్కి లాక్కుంది.

"వద్దు అత్తా, నాకు పాపం చుట్టుకుంటాది."

"నోర్ముయ్యి. కాలియ్యి," అంది మాణిక్యమ్మ.

ఈలోపు కంపెనీలో జరగాల్సింది జరిగింది. డాక్టర్లు ఒకరి తరవాత ఒకరు ఎక్స్‌రేలు పంపారు. పడుకున్నవాళ్ళందరి కాళ్ళలోనూ ప్లేట్లు సన్నబడుతున్నాయి. పరీక్షలు ఆపేయమని పైనుంచి ఆదేశం వచ్చింది. చాలామందిని ఇంట్లోవాళ్ళే పాదాలు నొక్కి కాపాడారు. ఇద్దరికి మళ్ళీ ఆపరేషను తప్పలేదు. త్రినాథకి ఒక కాలు పొట్టిదైంది. లారీ ఎక్కలేడు. పైడితల్లి అప్పుడప్పుడు హైమవతికి ఫోన్ చేస్తుంది. ఏదో అడగాలని చేసి, ఏమీ అడగకుండా పెట్టేస్తుంది. హైమవతి ఆ ఫోన్ ఎప్పుడూ ఎత్తకుండా వదిలేయలేదు.

అనుమతి లేకుండా ఫోన్లు చేసినందుకు భార్గవ ఆమెను సిరంజిల నాణ్యత చూసే విభాగానికి మార్చాడు. ఊతం తస్లీమా చేతికి వెళ్ళింది. ఆ పిల్ల కదలికని నమ్మకుండా ఎముకనే నేరుగా తడిమి చూసే పొర ఒకటి చేయాలని తంటాలు పడుతోంది. రోజూ భోజనాల వేళ సిరంజిల విభాగానికి వచ్చి సందేహాలు అడుగుతుంది. హైమవతి విసుక్కుంటూనే చెబుతుంది.

వానాకాలం వెళ్ళిపోయాక పద్మనాభం చివరి ఎక్స్‌రే తీశాడు. ప్లేటు ఉన్నచోట ఇప్పుడు ఏమీ లేదు. ఎముక మీద అతుకు కాస్త ఉబ్బెత్తుగా, తెల్లగా, గట్టిగా కనిపిస్తోంది. "నిక్షేపంలా ఉంది. పరుగెత్తమనండి," అని ఆయన నవ్వుతూ వేరే రోగి దగ్గరికి వెళ్ళాడు.

గదిలో వదినా ఆడపడుచులిద్దరే మిగిలారు. సన్నిబాబు, మాణిక్యమ్మ బయట వరండాలో కూర్చున్నారు.

"నువ్వే నిలబడు వదినా," అంది హైమవతి.

వరహాలు బల్ల పట్టుకుని లేచింది. తరవాత బల్ల వదిలేసింది. గది ఆ చివరికి నడిచి, తిరిగి వచ్చింది. కొంచెం కుంటు ఉంది, అంతే. హైమవతికి ఏడుపొచ్చినంత పనైంది గానీ, వదిన ముఖం చూసి ఆగిపోయింది. అక్కడ సంతోషం లేదు. సెలవులు అయిపోయిన బడిపిల్ల ముఖం అది.

"వాళ్ళకి చెప్పీసేవా?" అంది వరహాలు.

"ఇంకా లేదు."

వరహాలు మళ్ళీ బల్ల మీద కూర్చుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "పొద్దున మీ అన్న కాలు పడుతూ పోర్టు కబుర్లు చెప్తాడు హైమా. క్రేను మీంచి చూస్తే సముద్రం ఎలాగుంటాదో నిన్ననే చెప్పేడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు." కాస్త ఆగి అడిగింది. "రేపు చెప్పకూడదా?"

హైమవతి ఆమెను చూస్తూ నిలబడింది. లేవమని ఈ మనిషి మీద ఎంత అరిచింది! ఉన్నది ఉన్నట్టు అందరికీ చెప్పాలని తన ఉద్యోగాన్నే సిరంజిల్లో కలుపుకుంది.

"రేపేంటి," అంది చివరికి విసుగ్గా. "నెల తరవాత చెబుతాను. మధ్యాహ్నం అమ్మ కునుకు తీసినప్పుడు గదిలో అటూ ఇటూ నడు, కండలు బిగుసుకుపోకుండా. ఇప్పుడు పడుకో."

వరండాలోకి వచ్చేసరికి సన్నిబాబు లేచి ఎదురొచ్చాడు. "ఏమన్నాడే?"

"అతుకుతోంది. నొక్కడం మాత్రం మానకూడదట. పొద్దున తప్పకుండా నువ్వే నొక్కాలి."

"దానికేటి, నొక్కుతాను," అని సన్నిబాబు చక్రాల కుర్చీ తోసుకుంటూ లోపలికి వెళ్ళాడు.